హైస్మన్ కెరీర్‌ని స్కోరర్ కంటితో చదవడం ఎలా

అమెరికాలో చదువుకోవడానికి వచ్చిన మన పిల్లలకి కాలేజీ ఫుట్‌బాల్ పిచ్చి ఎలాంటిదో మొదటి సెమిస్టర్‌లోనే అర్థమైపోతుంది. శనివారం మ్యాచ్ ఉందంటే ఊరంతా ఒకటే రంగు చొక్కాలు, రోడ్లన్నీ జామ్. ఏటా డిసెంబరులో దేశం మొత్తంలో మేటి కాలేజీ ఆటగాడికి హైస్మన్ ట్రోఫీ ఇస్తారు. ఆ ట్రోఫీ పేరు వినని వాళ్లు ఇక్కడ ఉండరు. ఇంతకీ హైస్మన్ ఎవరని అడిగితే మాత్రం చాలామంది "ఎవరో పాతకాలం కోచ్" అని ఊరుకుంటారు.

జాన్ హైస్మన్ 1892 నుంచి 1927 దాకా కోచ్‌గా పనిచేశాడు. ఇవాళ మన తెలుగు విద్యార్థులు బాగా కనిపించే ఆబర్న్, క్లెమ్సన్, జార్జియా టెక్ మూడింటికీ ఒకప్పుడు అతనే కోచ్. ఇలాంటి తొలితరం కోచ్ గురించి స్కూలు ప్రాజెక్టు కోసమో, తెలుగులో ఒక వ్యాసం కోసమో రాయాలనుకునేవాళ్లకి పనికొస్తుందని నా పద్ధతి ఇక్కడ పెడుతున్నాను.

నేను హైదరాబాద్‌లో లీగ్ క్రికెట్ మ్యాచ్‌లకి చాలా ఏళ్లు స్కోరర్‌గా కూర్చున్నదాన్ని. ఇప్పుడు అట్లాంటాలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. స్కోరర్లకి ఒక అలవాటు ఉంటుంది. టేబుల్ దగ్గర ఇద్దరు కూర్చుంటాం, ఓవర్ అయిన వెంటనే ఇద్దరి పుస్తకాలూ సరిచూసుకుంటాం. లెక్క కలవకపోతే అప్పటికప్పుడే తేల్చుకోవాలి. ఆ అలవాటు వల్లే కాబోలు, ఏ కోచ్ గురించి చదివినా మొదటి వాక్యంలోనే "ఇన్ని గెలుపులు, ఇన్ని ఓటములు" అని మొత్తం కనిపిస్తే నాకు అక్కడే ఆగాలనిపిస్తుంది. ఆ మొత్తం ఎవరు కూడారు? వేటిని కలిపారు, వేటిని వదిలేశారు? అది తేలాకే మిగతాది.

ఆట తెలియని వాళ్ల కోసం ఒక్క ముక్క. ఇది మనం ఫుట్‌బాల్ అనే సాకర్ కాదు. జట్టుకి పదకొండు మంది. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో పట్టుకుని ఎదుటివాళ్ల గీత దాటిస్తే టచ్‌డౌన్. బంతిని ముందుకు తీసుకెళ్లే ఒక్కో ప్రయత్నాన్ని డౌన్ అంటారు. ఇన్ని డౌన్లలో ఇన్ని గజాలు ముందుకు వెళ్లాలని లెక్క ఉంటుంది, వెళ్లలేకపోతే బంతి ఎదుటివాళ్లది. ఈ మాత్రం తెలిస్తే చాలు.

ముందు మీ పట్టిక మీరే వేసుకోండి

ఎక్కడో దొరికిన మొత్తాన్ని ఎత్తి రాసుకోకండి. ఒక నోట్‌బుక్ తీసుకుని ఏడాది, కాలేజీ, గెలుపు, ఓటమి, డ్రా అని గళ్లు గీసి, పక్కన వెడల్పుగా ఒక ఖాళీ గడి ఉంచండి. అసలు పని జరిగేది ఆ ఖాళీ గడిలోనే. హైస్మన్ పట్టిక ఇలా వస్తుంది:

1892 ఓబర్లిన్: 7–0
1893 బక్టెల్: 5–2
1894 ఓబర్లిన్: 4–3–1
1894 బక్టెల్: 1–0
1895–99 ఆబర్న్: 12–4–2
1900–03 క్లెమ్సన్: 19–3–2
1904–19 జార్జియా టెక్: 102–29–7
1920–22 పెన్సిల్వేనియా: 16–10–2
1923 వాషింగ్టన్ అండ్ జెఫర్సన్: 6–1–1
1924–27 రైస్: 14–18–3

కూడి చూడండి. 186 గెలుపులు, 70 ఓటములు, 18 డ్రాలు. వేరేచోట్ల ఒకటి అటూ ఇటూగా ఇంకో మొత్తం కూడా మీకు కనిపిస్తుంది. అప్పుడు కంగారు పడకుండా పట్టికలో అనుమానం ఉన్న వరుస ఏదో వెతకండి. 1894 చూడండి, ఒకే ఏడు రెండు కాలేజీలు ఉన్నాయి. ఆ ఏడు హైస్మన్ ఓబర్లిన్‌కి కోచ్. దాంతోపాటు బక్టెల్ జట్టుకి ఒకే ఒక్క ఆట చూసుకున్నాడు, ఒహాయో స్టేట్ మీద 12–6తో గెలిపించాడు. ఇలాంటి ఒంటి వరుసను ఒకరు కలుపుతారు, ఇంకొకరు వదిలేస్తారు. మీరు ఏం చేశారో పక్క గడిలో రాసి పెట్టుకుంటే చదివేవాళ్లకి మీ లెక్క తెలుస్తుంది.

కాలేజీల పేర్ల దగ్గర కూడా జాగ్రత్త కావాలి. బక్టెల్ అంటే ఇప్పటి ఆక్రన్ యూనివర్సిటీ. హైస్మన్ వెళ్లేనాటికి ఆబర్న్ అనేది ఊరి పేరు. కాలేజీ అసలు పేరు అగ్రికల్చరల్ అండ్ మెకానికల్ కాలేజ్ ఆఫ్ అలబామా. క్లెమ్సన్ అప్పట్లో వ్యవసాయ కాలేజీ. జార్జియా టెక్‌ని జార్జియా స్కూల్ ఆఫ్ టెక్నాలజీ అనేవారు. రైస్ ఇంకా యూనివర్సిటీ కాదు, ఇన్‌స్టిట్యూట్. ఇప్పటి పేర్లతో పాత పేపర్లలో వెతికితే సగం ఆటలు దొరకవు. ఫుట్‌బాల్ అన్న మాటని కూడా ఆ రోజుల్లో ఫుట్ ఒకటి, బాల్ ఒకటిగా విడదీసి అచ్చువేసేవారు. అలా కూడా వెతకాలి.

ఆ ఏటి రూల్స్ పక్కనే పెట్టుకోండి

ఇది వదిలేస్తే మిగతా పనంతా దండగ. 1892 నాటి స్కోరుని ఇప్పటి పాయింట్లతో చదివితే ఏమీ అర్థం కాదు. హైస్మన్ కోచ్‌గా మొదలుపెట్టినప్పుడు టచ్‌డౌన్‌కి 4 పాయింట్లు, దాని తర్వాత బంతిని గోల్ స్తంభాల మధ్యకి తంతే 2, ఆట నడుస్తుండగా తన్నే ఫీల్డ్ గోల్‌కి 5. అంటే చేత్తో మోసుకెళ్లడం కంటే కాలితో తన్నడానికే విలువ ఎక్కువ. 1898లో టచ్‌డౌన్ 5 అయింది, తర్వాత తన్నేది 1కి తగ్గింది. ఫీల్డ్ గోల్ 1904లో 4కి, 1909లో 3కి దిగింది. 1912లో టచ్‌డౌన్ 6 అయింది, నేటికీ అంతే.

డౌన్ల లెక్క కూడా మారుతూ వచ్చింది. మొదట్లో మూడు డౌన్లలో 5 గజాలు వెళ్తే చాలు. అందుకే అందరూ గుంపుగా చేరి తోసుకుంటూ పోయేవారు, ఎముకలు విరిగేవి, ప్రాణాలు కూడా పోయేవి. చావులు మరీ ఎక్కువయ్యేసరికి 1905 అక్టోబరులో ప్రెసిడెంట్ థియొడోర్ రూజ్‌వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ వాళ్లని వైట్‌హౌస్‌కి పిలిచి మాట్లాడాడు. 1906లో మూడు డౌన్లలో 10 గజాలన్నారు, బంతిని ముందుకు విసరడానికి కూడా అనుమతి వచ్చింది. నాలుగో డౌన్ వచ్చింది 1912లో. హైస్మన్ కెరీర్ ఈ మార్పులన్నిటి మీదుగా నడిచింది. కాబట్టి అతని 1900 నాటి జట్టుని, 1917 నాటి జట్టుని ఒకే తూకం వేయలేం.

రూల్స్ తెలిస్తే ఒక స్కోరు ఎలా విడిపోతుందో చూపిస్తాను. నాకు ఈ కెరీర్ మొత్తంలో అన్నిటికంటే ఇష్టమైన గడి ఇదే.

1892 నవంబర్ 19న ఓబర్లిన్ జట్టు మిచిగన్‌తో ఆడటానికి ఆన్ ఆర్బర్ వెళ్లింది. ఓబర్లిన్ వాళ్లు తిరుగు రైలు అందుకోవాలి, అందుకని సాయంత్రం 4:50కి ఆట ఆపేయాలని ముందే మాట అనుకున్నారు. ఓబర్లిన్ 24–22తో ముందంజలో ఉంది. రిఫరీ టైమ్ అయిపోయిందన్నాడు. ఓబర్లిన్ కుర్రాళ్లు మైదానం వదిలి రైలుకి బయల్దేరారు. అంపైర్ మాత్రం ఇంకా నాలుగు నిమిషాలుందన్నాడు. మిచిగన్ ఆటగాడు జార్జ్ జ్యూయెట్ బంతి పట్టుకుని ఖాళీ మైదానంలో నడుచుకుంటూ వెళ్లి గీత దాటాడు. మిచిగన్ పుస్తకంలో 26–24 అని రాసుకున్నారు. ఓబర్లిన్ పుస్తకంలో 24–22 అని ఉంది. ఆ రిఫరీ ఓబర్లిన్ మనిషి, ఆ అంపైర్ మిచిగన్ మనిషి. ఆ రోజుల్లో అధికారులని రెండు జట్లూ తమవాళ్లలోంచే పెట్టుకోవడం మామూలే.

ఇప్పుడు అంకెలు చూడండి. 24 అంటే నాలుగు సార్లు 4+2. 22 అంటే మూడు సార్లు 4+2, ఇంకో ఉత్త 4. దాని మీద ఇంకో 4 చేరితే 26. రెండు పుస్తకాల్లోని తేడా సరిగ్గా ఒక టచ్‌డౌన్, అది కూడా వెనక తన్నుడు లేని టచ్‌డౌన్. పాయింట్ల పట్టిక పక్కన లేకపోతే ఈ సంగతి కంటికి ఆనదు. హైస్మన్ ఖాతాలో 1892కి 7–0 అని ఉండేది ఓబర్లిన్ లెక్క ప్రకారమే. మిచిగన్ లెక్క ఒప్పుకుంటే అది 6–1 అవుతుంది, పైన వేసిన మొత్తం కూడా మారిపోతుంది. రెండు కాలేజీలూ ఇన్నేళ్లలో వెనక్కి తగ్గలేదు. అలాంటప్పుడు నేనైతే రెండూ రాస్తాను, ఎవరి పుస్తకంలో ఏముందో చెబుతాను. ఒకటే రాసి రెండోదాన్ని చెరిపేయడం స్కోరర్ చేయకూడని పని.

రెండు ఊళ్ల పేపర్లూ చదవాలి

పాత ఆటల గురించి తెలుసుకోవాలంటే అప్పటి పేపర్లే గతి. అదృష్టం కొద్దీ చాలా వరకు ఉచితంగా దొరుకుతున్నాయి. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ల క్రానిక్లింగ్ అమెరికాలో దేశమంతటి పాత పేపర్లున్నాయి. మా జార్జియా పేపర్లకి జార్జియా హిస్టారిక్ న్యూస్‌పేపర్స్ అని విడిగా ఉంది. కాలేజీ విద్యార్థుల పేపర్లు, ఇయర్‌బుక్‌లు ఆయా కాలేజీ లైబ్రరీలు స్కాన్ చేసి పెట్టాయి.

వెతకడంలో కిటుకులు కొన్ని చెబుతాను. అచ్చు పాతది కాబట్టి కంప్యూటర్ అక్షరాలని తప్పుగా చదువుతుంది. పేరుతో దొరకకపోతే తేదీ పట్టుకుని పేజీ పేజీ తిప్పండి. శనివారం ఆట అయితే ఆదివారం పేపర్. అప్పట్లో పెద్ద ఆటలన్నీ నవంబరు చివరి గురువారం, థాంక్స్‌గివింగ్ రోజున పెట్టేవారు, వాటికి శుక్రవారం పేపర్ చూడాలి. ఆటకి రెండు రోజుల ముందు వచ్చిన వార్త తప్పకుండా చదవండి. ఎవరికి దెబ్బ తగిలింది, ఏ రైల్లో వస్తున్నారు, టికెట్ ఎంత అన్నవి అందులోనే ఉంటాయి. ఆట అయ్యాక వచ్చే వార్తలో గెలిచిన ఊరివాళ్లు పొంగిపోతారు, ఓడిన ఊరివాళ్లు అంపైర్‌ని తిడతారు. రెండూ చదివితే మధ్యలో ఆట కనిపిస్తుంది.

కోచ్ పేరు వార్తలో ఎక్కడా లేకపోతే నిరాశ పడకండి. ఆ రోజుల్లో మైదానంలో జట్టుని నడిపేవాడు కెప్టెన్. గట్టు మీద నుంచి కోచ్ సూచనలు ఇవ్వడం రూల్స్ ప్రకారం తప్పు. కోచ్ పని సోమవారం నుంచి శుక్రవారం దాకా ప్రాక్టీస్‌లో అయిపోయేది, శనివారం అతను కూర్చుని చూడాల్సిందే. కాబట్టి కోచ్‌ని వెతకాల్సింది స్కోరు వార్తలో కాదు, వారం మధ్యలో వచ్చే ప్రాక్టీస్ వార్తల్లో, సీజన్ మొదట్లో వచ్చే నియామకం వార్తల్లో.

ఊళ్లో చెప్పుకునే కథలని విడిగా పెట్టుకోండి. 1896లో జార్జియా టెక్ జట్టు రైల్లో ఆబర్న్ వస్తుంటే ఆబర్న్ కుర్రాళ్లు పట్టాలకి రాత్రికి రాత్రి కొవ్వు పూశారని, రైలు స్టేషన్లో ఆగకుండా జారుతూ ముందుకెళ్లిపోయిందని, టెక్ వాళ్లు మైళ్ల దూరం నడిచొచ్చి ఆడారని చెబుతారు. ఆబర్న్‌లో ఆ జ్ఞాపకంగా విద్యార్థులు రాత్రి బట్టల్లో ఊరేగింపు తీసే ఆనవాయితీ చాలా ఏళ్లు నడిచింది. ఆ ఆటలో హైస్మన్ జట్టు 45–0తో గెలిచింది. స్కోరు పట్టికలోకి వెళ్తుంది. పట్టాల కథ పక్క గడిలోకి, "అంటారు" అన్న మాటతో సహా వెళ్తుంది.

ఊరు ఎందుకు మారాడు?

పట్టికలో గీత మారిన ప్రతిచోటా ఈ ప్రశ్న వేసుకోండి. కోచ్ జీవితం మొత్తం ఆ గీతల దగ్గరే బయటపడుతుంది.

హైస్మన్ క్లీవ్‌లాండ్‌లో 1869 అక్టోబర్ 23న పుట్టాడు. పెరిగింది పెన్సిల్వేనియాలోని టైటస్‌విల్‌లో. అమెరికా చమురు వ్యాపారానికి పునాది పడిన ఊరది, వాళ్ల నాన్న చమురు నింపే పీపాలు చేసేవాడు. కొడుకు బ్రౌన్ యూనివర్సిటీలో కొన్నాళ్లు, తర్వాత పెన్సిల్వేనియా యూనివర్సిటీలో లా చదివాడు, రెండుచోట్లా ఫుట్‌బాల్ ఆడాడు. న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఒక ఆటలో అక్కడి దీపాల వెలుగుకి కళ్లు దెబ్బతిని, చదువుకి విశ్రాంతి ఇవ్వమని డాక్టర్లు చెబితే కోచింగ్‌లోకి వచ్చాడని ఎక్కువగా చెబుతారు. ఏమైనా లాయర్ కావాల్సినవాడు లాయర్ కాలేదు.

అప్పట్లో కోచ్ ఉద్యోగం ఏడాది పొడుగునా ఉండేది కాదు. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా సీజన్, మిగతా నెలలు ఎవరి దారి వాళ్లు చూసుకోవాలి. హైస్మన్ దారి నాటకాలు. వేసవిలో నాటక కంపెనీల్లో వేషాలు వేసేవాడు, షేక్‌స్పియర్ అంటే ప్రాణం. మైదానంలో కూడా అదే గొంతు. బంతిని చూపించి, దీన్ని చేజార్చడం కంటే చిన్నప్పుడే చచ్చిపోవడం నయమని కుర్రాళ్లకి చెప్పేవాడట. అతని గురించి రాసేటప్పుడు ఈ నాటకాల సంగతిని వినోదానికి పడేసే ముక్కలా రాయకండి. ఒక సీజన్‌కీ ఇంకో సీజన్‌కీ మధ్య ఆ మనిషి తిండి సంపాదించుకున్న పని అది.

క్లెమ్సన్ నుంచి జార్జియా టెక్‌కి మారిన గీత ఇంకా బాగుంటుంది. 1903 అక్టోబరులో క్లెమ్సన్ జట్టు టెక్‌ని 73–0తో చితక్కొట్టింది. ఆ చావుదెబ్బ తిన్నవాళ్లే, కొట్టినవాడిని తమకి కోచ్‌గా తెచ్చుకోవాలని నిర్ణయించుకున్నారు. ఏడాదికి 2,250 డాలర్ల జీతం, దాని మీద సొంత మైదానంలో ఆడే ఆటల టికెట్ల రాబడిలో 30 శాతం. ఆ రెండో ముక్క మీద కాసేపు ఆగండి. టికెట్లలో వాటా ఉన్న కోచ్‌కి అట్లాంటాలో ఆడటమే లాభం, జనం ఎంత ఎక్కువ వస్తే అంత మంచిది. టెక్ రోజులు చదివేటప్పుడు ఏ ఆట ఏ ఊళ్లో జరిగిందో అందుకే రాసుకోవాలి. అతను అక్కడ 16 సీజన్లు ఉన్నాడు. బేస్‌బాల్ జట్టుకి కూడా అతనే కోచ్.

అంత కాలం ఉన్నవాడు 1919 తర్వాత ఎందుకు వెళ్లిపోయాడు? ఆటలో దీనికి జవాబు లేదు. అతను 1903లో ఎవలిన్ అనే నటిని పెళ్లి చేసుకున్నాడు. 1919లో విడిపోయారు. ఇద్దరూ ఒకే ఊళ్లో ఉంటే ఇబ్బందని, ఏ ఊళ్లో ఉండాలో ముందు ఆమెనే ఎంచుకోమన్నాడు. ఆమె అట్లాంటా ఎంచుకుంది. అతను తను చదువుకున్న పెన్సిల్వేనియాకి కోచ్‌గా వెళ్లాడు. గెలుపోటముల పుస్తకంలో ఈ కారణం కోసం ఎంత వెతికినా దొరకదు.

"మొదటిసారి" అన్న మాట కనిపిస్తే

తొలితరం కోచ్‌ల గురించి రాసిన ప్రతిచోటా ఫలానాది మొదట కనిపెట్టింది ఈయనే అని ఉంటుంది. ఇక్కడ పెన్సిల్ వాడండి, పెన్ను వద్దు. ఆ సంగతి ఆ రోజే పేపర్లో వచ్చిందా, చాలా ఏళ్ల తర్వాత ఎవరైనా గుర్తు తెచ్చుకుని చెప్పారా అన్నది మొదట చూడాలి.

1895లో అట్లాంటాలో నార్త్ కరోలినా, జార్జియా జట్లు ఆడుతుంటే హైస్మన్ చూడటానికి వెళ్లాడు. నార్త్ కరోలినా ఆటగాడు బంతిని తన్నడానికి చోటు దొరక్క ముందుకు విసిరేశాడని, జట్టు మనిషి పట్టుకుని పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడని, అప్పటి రూల్స్ ప్రకారం అది చెల్లకపోయినా రిఫరీ చూడలేదని హైస్మన్ తర్వాతి రోజుల్లో రాశాడు. ఆటలో గుంపులు విడిపోయి ప్రాణాలు నిలవాలంటే బంతిని విసరనివ్వాలని రూల్స్ కమిటీలో పెద్ద తలకాయ అయిన వాల్టర్ క్యాంప్‌ని అడుగుతూ వచ్చాడు. 1906లో అది జరిగింది. ఇందులో గట్టిగా నిలబడేది అతని పట్టుదల. మొట్టమొదటి త్రో అదేనా అన్నది "హైస్మన్ చెప్పిన ప్రకారం" అని రాస్తే సరిపోతుంది.

1895లోనే వాండర్‌బిల్ట్‌తో ఆటలో ఆబర్న్ ఆటగాడు టిచెనర్ బంతిని జెర్సీలో దాచుకుని, గుంపు అటు పోతుంటే తను ఇటు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. దాచిన బంతి ఎత్తు అని దానికి పేరు వచ్చింది. అయినా ఆ ఆట ఆబర్న్ 9–6తో ఓడిపోయింది. ఎత్తుని గొప్పగా చెప్పేవాళ్లు చాలామంది స్కోరు చెప్పరు. మీరు చెప్పండి.

222–0

ఈ అంకె గురించి రాయకుండా హైస్మన్ గురించి రాయలేం. 1916 అక్టోబర్ 7, అట్లాంటా, గ్రాంట్ ఫీల్డ్. జార్జియా టెక్ 222, కంబర్లాండ్ 0. కాలేజీ ఫుట్‌బాల్‌లో ఇంతకంటే ఏకపక్షమైన ఆట లేదు. చాలామంది ఇక్కడ నోరెళ్లబెట్టి ముందుకెళ్లిపోతారు. కూర్చుని విడదీసి చూడాల్సిన చోటిది.

అప్పటికి టచ్‌డౌన్ 6 పాయింట్లు. టెక్ 32 టచ్‌డౌన్లు చేసింది, 192. వెనక తన్నినవి 30. కలిపితే 222. లెక్క కలిసింది. ఆట సగం అయ్యేసరికి 126–0. రెండో సగాన్ని కుదించారు. ఇంకో వింత, రెండు జట్లలో ఎవరికీ ఒక్క ఫస్ట్ డౌన్ కూడా (అంటే కావాల్సిన గజాలు దాటి మళ్లీ కొత్త డౌన్లు సంపాదించుకోవడం) నమోదు కాలేదు. కంబర్లాండ్‌కి 10 గజాలు వెళ్లే సత్తా లేదు. టెక్ వాళ్లు బంతి అందిన మొదటి డౌన్లలోనే గీత దాటేస్తుంటే వాళ్లకి ఫస్ట్ డౌన్ అవసరమే రాలేదు. ఒకే గడిలో రెండు సున్నాలు, రెండింటి వెనకా పూర్తిగా వేరే కారణాలు. అంకె ఒక్కటే చూసి జట్టుని అంచనా వేయొద్దనడానికి నాకు ఇంతకు మించిన ఉదాహరణ ఎక్కడా దొరకలేదు.

ఇక కారణాలు. కంబర్లాండ్ ఆ ఏడు ఫుట్‌బాల్ మానేసింది. కానీ ఆటకి ఒప్పందం ముందే రాసుకున్నారు, రాకపోతే 3,000 డాలర్లు కట్టాలి, వస్తే 500 డాలర్లు ముడతాయి. జార్జ్ ఆలెన్ అనే విద్యార్థి మేనేజర్ దొరికిన కుర్రాళ్లని పోగేసి రైలెక్కించాడు. అంతకు ముందు బేస్‌బాల్‌లో కంబర్లాండ్ టెక్‌ని 22–0తో ఓడించింది, డబ్బు తీసుకుని ఆడే ఆటగాళ్లని తెచ్చి పెట్టారని ఆరోపణ. అందుకు హైస్మన్ పగ తీర్చుకున్నాడన్నది ఎక్కువగా వినిపించే మాట. రెండోది, అప్పటి పేపర్ల వాళ్లు ఎవరు ఎన్ని పాయింట్లు కొట్టారో కూడి జట్లకి ర్యాంకులు ఇచ్చేవారు. ఎదుటి జట్టు ఎలాంటిదో చూడని ఆ లెక్క పనికిరానిదని చూపించాలనుకున్నాడన్నది ఇంకో మాట. నా మనసు రెండోదాని వైపు మొగ్గుతుంది, అయినా రెండూ రాయాలి.

మీ పట్టికని వెనక్కి తిప్పితే ఇంకో సంగతి దొరుకుతుంది. 1903 థాంక్స్‌గివింగ్ రోజున మాంట్‌గొమరీలో హైస్మన్ క్లెమ్సన్‌తో చివరిసారి ఆడించిన ఆటలో ఎదుటి జట్టు ఇదే కంబర్లాండ్. స్కోరు 11–11. దక్షిణాదిలో అప్పుడది గట్టి జట్టు. పదమూడేళ్లలో పేరు అదే ఉంది, జట్టు లేదు. ప్రత్యర్థి పేరు పక్కన ఆ ఏడు వాళ్ల పరిస్థితి ఒక వాక్యం రాయమని నేను పట్టుబట్టేది అందుకే.

టెక్ బలం నిజంగా ఎంతో తెలియాలంటే 1917 చూడండి. 9–0, మొత్తం 491 పాయింట్లు కొట్టి 17 ఇచ్చారు, పెన్సిల్వేనియాని 41–0తో ఓడించారు. దేశంలో మొదటి జట్టుగా గుర్తింపు పొందారు. ఆ మరుసటి ఏడు పిట్స్‌బర్గ్ వాళ్లని 32–0తో ఆపే దాకా 33 ఆటలు ఓటమి లేకుండా నడిచాయి.

పట్టికలో పడనివి

అంకెలు సరిపోయాక ఇంకో పని మిగులుతుంది. ఈ ఆటలు ఎవరు ఆడగలిగారు, ఎవరు ఆడలేకపోయారు అన్నది కూడా కెరీర్‌లో భాగమే. ఆన్ ఆర్బర్‌లో చివరి టచ్‌డౌన్ చేసిన జ్యూయెట్ మిచిగన్ జట్టులో మొదటి నల్లజాతి ఆటగాడు. ఆ తర్వాత హైస్మన్ 25 సీజన్లు పనిచేసిన ఆబర్న్, క్లెమ్సన్, జార్జియా టెక్ అనే దక్షిణాది కాలేజీల్లో నల్లజాతి విద్యార్థులకి గేటు దాటే వీలే లేదు. జార్జియా టెక్‌లోకి వాళ్లు వచ్చింది 1961లో, క్లెమ్సన్‌లోకి 1963లో, ఆబర్న్‌లోకి 1964లో. 1917 టెక్ జట్టులో ఓజిబ్వే తెగకి చెందిన జో గయోన్ ఉన్నాడు, అతని పేరు మాత్రం తప్పక రాయండి. టెక్ మైదానాన్ని 1905లో మొద్దులు పెకలించి చదును చేసింది దాదాపు 300 మంది ఖైదీలు. దక్షిణాదిలో ఆనాటి ఖైదీల కూలీ అంటే ఎక్కువగా నల్లజాతి వాళ్ల చాకిరీ. మైదానం గురించి రాస్తే ఆ చాకిరీ గురించి కూడా రాయాలి.

1923 వరుస దగ్గర ఇంకొంచెం చోటు ఉంచండి. వాషింగ్టన్ అండ్ జెఫర్సన్ జట్టులో చార్లెస్ వెస్ట్ అనే నల్లజాతి ఆటగాడు ఉన్నాడు. వర్జీనియా నుంచి వచ్చిన వాషింగ్టన్ అండ్ లీ జట్టు, అతన్ని పక్కన పెడితేనే ఆడతామంది. పెట్టం అన్నారు వీళ్లు. ఆట జరగలేదు. ఆడని ఆటకి స్కోరు ఉండదు, కానీ ఆ సీజన్లో నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించే రోజు అదే.

చివరి వరుసలు

గెలుపులు ఉన్నచోట పేజీలు నింపి, ఓటములు వచ్చేసరికి ఒక్క వాక్యంతో దాటేయడం చాలా జీవిత చరిత్రల్లో చూస్తాం. రైస్‌లో నాలుగు సీజన్లు, 14–18–3. హైస్మన్ కెరీర్‌లో గెలుపుల కంటే ఓటములు ఎక్కువున్న ఒకే వరుస, అతని చివరి వరుస. దాన్ని కూడా ఆట ఆటగా విప్పి రాయండి.

ట్రోఫీ సంగతి దగ్గర తేదీలు చూసుకోవాలి. 1930 నుంచి హైస్మన్ న్యూయార్క్‌లో డౌన్‌టౌన్ అథ్లెటిక్ క్లబ్ క్రీడల డైరెక్టర్. 1935లో ఆ క్లబ్ ట్రోఫీ మొదటిసారి ఇచ్చింది, అందుకున్నది షికాగో యూనివర్సిటీ ఆటగాడు జే బర్వాంగర్. అప్పటికి దానికి హైస్మన్ పేరు లేదు. హైస్మన్ 1936 అక్టోబర్ 3న న్యుమోనియాతో పోయాడు, ఆ ఏడు నుంచే అతని పేరు పెట్టారు. ఆ పేరుతో మొదట అందుకున్నది యేల్ ఆటగాడు లారీ కెల్లీ. సమాధి మాత్రం విస్కాన్సిన్‌లోని రైన్‌లాండర్‌లో ఉంది, రెండో భార్య ఈడిత్ సొంత ఊరది. బక్టెల్ రోజుల్లోనే ఇద్దరికీ పరిచయం. పట్టికలో 1893 వరుస పక్కన ఆమె పేరు కూడా రాసుకోండి.

ఈ పద్ధతి చేతికి అలవాటయ్యాక తర్వాత పట్టుకోదగ్గవాడు పాప్ వార్నర్. 1895లో అట్లాంటాలో హైస్మన్ చేతిలో 16–6తో ఓడిన జార్జియాకి కోచ్ అతనే, 1918లో టెక్‌ని 32–0తో ఆపిన పిట్స్‌బర్గ్‌కీ అతనే. అయితే 1895, 1896 రెండేళ్లూ జార్జియాతో పాటు అయోవా వ్యవసాయ కాలేజీ జట్టుని కూడా చూసుకున్నాడు. ఆ రెండేళ్లకీ ముందే రెండేసి వరుసలు గీసి మొదలుపెట్టండి.